మేడ మీది గదికి ఆటల టీవీ: ఇంచులు చూసే ముందు

పోయిన దసరాకు పది రోజుల ముందు మహబూబ్‌నగర్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. “మామా, అరవై ఐదు ఇంచుల టీవీ ఆఫర్ల ఉంది. నూట ఇరవై హెర్ట్జ్ అంట. తీస్కుందామా?”

“వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటది సూడు, దాని ఫొటో పంపురా అల్లుడా” అన్నాను. వాడు పంపింది డబ్బా ఫొటో. దాని మీద 120 అని అరచేయంత అంకె. హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క. సరిగ్గా అలాంటి అంకెనే నమ్మి నేను నల్లగొండలో ఒక టీవీ కొన్నాను. మేడ మీదికి ఎక్కించి, గోడకు బిగించి, ఆటలాడే మిషన్ (కన్సోల్) పీఎస్5 తగిలించాక తెలిసింది, అది అరవైయేనని. షాపు ఆయన్ని అడిగితే “డబ్బా మీద ఉన్నదే చెప్పిన సార్” అన్నాడు. ఆయన అన్నదీ నిజమే.

ఆ 120 ఎక్కడిదంటే, టీవీ రెండు ఫ్రేముల (వరసగా వచ్చే బొమ్మల) మధ్య తానే ఒక ఫ్రేము ఊహించి దూర్చి, కదలికను నున్నగా చూపిస్తుంది. కంపెనీలు దీన్ని ఎంఈఎంసీ అంటాయి. తెర మాత్రం సెకనుకు అరవై సార్లే మారుతుంది. ఈ ఊహించే పని క్రికెట్ మ్యాచ్ చూడటానికి బాగానే ఉంటుంది, ఆటకు మాత్రం చేటు. లెక్క వేయడానికి టీవీకి టైము పడుతుంది కాబట్టి, బటన్ నొక్కాక తెర మీద బ్యాట్ ఊగడం ఆలస్యమవుతుంది. ఇంకో రకం కూడా ఉంది. అసలు 4కే (చుక్కలు బాగా ఎక్కువుండే) 60 హెర్ట్జ్ ప్యానెలే, అంటే తెరే, కానీ నిలువు వైపు స్పష్టత సగం చేసుకుని 120 ఇస్తుంది. డీఎల్‌జీ అని రాస్తారు. తక్కువ డబ్బులో 120 కావాలంటే ఇది మోసమేం కాదు, కాకపోతే కొనేటప్పుడు తెలిసి కొనాలి.

తేల్చుకునే దారి సులువే. పీఎస్5 సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియోలోకి వెళ్తే వీడియో ఔట్‌పుట్ ఇన్ఫర్మేషన్ అనే పేజీ ఉంటుంది. ఎదురుగా ఉన్న టీవీ ఎంత వేగం తీసుకుంటుందో, ఆట వేగానికి తగ్గట్టు తెర వేగం మార్చుకునే వీఆర్ఆర్ ఉందో లేదో అక్కడ తేలిపోతుంది. అందుకే కన్సోల్‌ను సంచిలో వేసుకుని షాపుకు పొమ్మంటాను. పెద్ద నగరంలో ఏమంటారో గానీ, మన ఊళ్లలో ముఖం తెలిసిన షాపు ఆయన కాదనడు. “పెట్టి చూస్కో తమ్మీ” అంటాడు. నేను ఆ పని ముందే చేసి ఉంటే ఆ టీవీ నా గోడ మీద ఉండేది కాదు.

ముందు మిషన్, ఆ తర్వాతే టీవీ

ఏ మిషన్ మీద, ఏ ఆట ఆడతారు అన్న ప్రశ్న షాపులో ఎవరూ వేయరు. బడ్జెట్ ఎంత, ఇంచులు ఎన్ని అనే అడుగుతారు. మనమే వేసుకోవాలి.

పిల్లలు ఫోన్‌లో బీజీఎంఐ (కాల్పుల ఆట) మాత్రమే ఆడితే గేమింగ్ టీవీ అక్కర్లేదు. ఫోన్ తెరను వైఫై మీద టీవీకి పంపితే బొమ్మ వెనకబడుతుంది. ఎదుటివాడు టీవీలో కనిపించేసరికి మనం చచ్చి ఉంటాం. తీగతో పంపాలంటే ఆ ఫోన్ టైప్-సి పోర్టు నుంచి వీడియో బయటికి రావాలి. పదిహేను, ఇరవై వేల ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు, అడాప్టర్ కొన్నా దండగే.

పాత పీఎస్4 ఉంటే అది 1080పీ (4కే కంటే తక్కువ స్పష్టత), 60 ఫ్రేములు దాటదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 1440పీ (ఆ రెండింటి నడిమిది) లక్ష్యంగా చేసిన మిషన్. ఈ రెండు మిషన్లకూ గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఉన్న 43 ఇంచుల మామూలు 4కే టీవీ చాలు. ఆఫర్లను బట్టి సుమారు 20 నుంచి 30 వేలలో వస్తుంది. పీఎస్4కు 120 హెర్ట్జ్ టీవీ కొనడం ట్రాక్టర్‌కు రేసు టైర్లు వేయడమే.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ దగ్గరికి వచ్చాకే అసలు బేరం మొదలవుతుంది. ఇవి 4కేలో సెకనుకు 120 ఫ్రేముల దాకా పంపగలవు, అందుకు టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు కావాలి. పాత 2.0 పోర్టు సెకనుకు 18 గిగాబిట్ల దగ్గర ఆగిపోతుంది, అంటే 4కేలో అరవైతో సరి. 2.1కు పరిమితి 48. ఇందులోనూ ఒక మెలిక ఉంది: 2.1 అని రాసినంత మాత్రాన అన్నీ ఉండాలని రూలు లేదు, చాలా సౌకర్యాలు కంపెనీ ఇష్టం. అందుకే పోర్టు పక్కన 4కే 120 అని అచ్చు ఉందా అని చూడాలి. నాలుగు పోర్టుల్లో రెండింటికే ఆ వేగం ఉన్న టీవీలు బోలెడు. ఆ రెంటిలో ఒకటి సౌండ్‌బార్‌కు వాడే ఈఆర్క్ పోర్టే అయితే, కన్సోల్‌కు ఒకటే మిగులుతుంది. ఎల్‌జీ సి సిరీస్ ఓఎల్ఈడీల్లో (ఆ తెర సంగతి కింద చెప్తాను) నాలుగుకు నాలుగూ పూర్తి వేగానివి. ఇంట్లో రెండు కన్సోళ్లు, ఒక పీసీ ఉన్నవాళ్లకు అది పెద్ద సుఖం.

ఇంత చెప్పాక నాకే అడ్డం తిరిగే మాట ఒకటి చెప్పాలి. పీఎస్5 ఆటల్లో ఎక్కువ భాగం 30 లేదా 60 ఫ్రేముల మీదే నడుస్తాయి. ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి కాల్పుల ఆటల్లో 120 ఉంది. ఫుట్‌బాల్ ఎఫ్‌సీ ఆటకు 60 చాలు. జీటీఏ 5ను ఎంత ఖరీదు టీవీలో పెట్టినా అరవైయే. మీ వాడు ఆడేది క్రికెట్, ఫుట్‌బాల్ అయితే 120 కోసం పాతిక వేలు ఎక్కువ పెట్టడం కంటే, ఆలస్యం తక్కువ ఉన్న మంచి 60 హెర్ట్జ్ టీవీ తీసుకోవడం మేలు. ఆలస్యం అంటే ఏమిటో లెక్క చూడండి. అరవై ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకండ్లు. గేమ్ మోడ్ వేస్తే మంచి టీవీలో ఆలస్యం 10, 15 మిల్లీసెకండ్లకు దిగుతుంది. వేయకపోతే కొన్ని టీవీల్లో 50 దాటుతుంది, అంటే మూడు ఫ్రేములు. యార్కర్‌ను ఆపడానికి మూడు ఫ్రేములు చాలా ఎక్కువ. ఏఎల్ఎల్ఎం అని రాసి ఉంటే కన్సోల్ ఆన్ కాగానే టీవీ తానే గేమ్ మోడ్‌లోకి వెళ్తుంది. సీరియల్ అయ్యాక రిమోట్ ఎవరి చేతికి వస్తుందో తెలియని ఇళ్లల్లో ఇది ఉండి తీరాలి.

డబ్బా మీద డాల్బీ విజన్ (వెలుగు, రంగులు మెరుగ్గా చూపే పద్ధతి) గుర్తు చూసి మురిసిపోవద్దు. పీఎస్5 ఆటలకు అది వాడదు, ఎక్స్‌బాక్స్ వాడుతుంది. శామ్‌సంగ్ టీవీలు దాన్ని అసలు తీసుకోవు. కాబట్టి ఎక్స్‌బాక్స్ కొన్నవాళ్లు శామ్‌సంగ్ దగ్గర ఆలోచించాలి, పీఎస్5 కొన్నవాళ్లు ఆటల వరకు దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు.

ఏ తెర

క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఒక ఇంటివి కావు. క్యూఎల్ఈడీ అంటే వెనక దీపాలుండే మామూలు ఎల్‌సీడీకి రంగులు బాగా వచ్చే పొర కలిపినది. మినీ ఎల్ఈడీ అంటే ఆ వెనక దీపాలు బాగా చిన్నవై, ఎక్కువై, విడివిడిగా ఆరి వెలిగేది. ఓఎల్ఈడీలో వెనక దీపమే లేదు, ప్రతి చుక్కా తానే వెలుగుతుంది. అందుకే అందులో నలుపు నిజంగా నలుపు, వేగం కూడా ఎక్కువ.

మరి డబ్బున్నవాళ్లు ఓఎల్ఈడీ కొనాలా? గది ఆటలకే అయితే, చీకటి చేసుకోగలిగితే, కొనండి. ఆ టీవీయే పగలంతా నాన్నకు న్యూస్ చానెల్ అయితే వద్దు. మన న్యూస్ చానెళ్లలో మూలన లోగో, కింద రెండు వరసల స్క్రోలింగ్ పట్టీ పొద్దున్నుంచి రాత్రి దాకా కదలవు. ఓఎల్ఈడీలో ఒకే చోట ఒకే బొమ్మ వందల గంటలు నిలిస్తే దాని మచ్చ ఉండిపోయే ప్రమాదం ఉంది. చానెల్ మార్చమని నాన్నకు చెప్పడం కంటే టీవీ మార్చుకోవడం తేలిక.

నా ఓటు మినీ ఎల్ఈడీకి. కిటికీ వెలుతురులోనూ బొమ్మ పాలిపోదు, మచ్చల భయం లేదు. 55 ఇంచుల్లో, నిజమైన 120 లేదా 144 హెర్ట్జ్‌తో, సుమారు 50 నుంచి 80 వేల మధ్య దొరుకుతున్నాయి. ఓఎల్ఈడీ అయితే లక్ష అటూ ఇటూ. ఎల్‌సీడీ రకాల్లో వీఏ ప్యానెల్‌కు నలుపు బాగుంటుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగు తగ్గుతుంది. ఐపీఎస్‌కు దీని తిరగేసిన గుణం. నలుగురు దోస్తులు చాప మీద వరసగా కూర్చునే గదికి ఐపీఎస్, ఒక్కడే ఎదురుగా కూర్చునే గదికి వీఏ.

ఇక ఇంచులు. మనవైపు మేడ మీది గది ఎక్కువగా పదికి పన్నెండు అడుగులు. కూర్చునే చోటు తెరకు ఏడు అడుగుల్లో ఉంటుంది. 55 ఇంచుల 4కే టీవీకి ఐదున్నర నుంచి ఏడున్నర అడుగుల దూరం బాగుంటుంది. 65కు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. ఏడు అడుగుల దగ్గర 65 తప్పేమీ కాదు, కానీ మూలన ఉన్న మ్యాప్ చూడటానికి మెడ తిప్పాల్సి వస్తుంది. అల్లుడికి అదే చెప్పాను: పది ఇంచులు తగ్గించుకుని ఆ డబ్బుతో మంచి ప్యానెల్ తీసుకో. బిగించేటప్పుడు తెర నడిమి భాగం కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు రావాలి. హాల్లో షోకేస్ పైన దేవుడి పటంలా ఎత్తున పెట్టే అలవాటు ఇక్కడ వద్దు.

ఒక్కడే ఆడేవాడికి టీవీ మానేసి 27 ఇంచుల 1440పీ మానిటర్ కొనడం కూడా తెలివైన పనే. 15 నుంచి 22 వేలలో 144 హెర్ట్జ్‌కు పైనే వస్తుంది. పీఎస్5కు 2022 సెప్టెంబరు నుంచి 1440పీ సపోర్టు ఉంది. కానీ డబ్బా మీద ఫ్రీసింక్ (వీఆర్ఆర్ లాంటిదే ఇంకో పద్ధతి) అని ఉందని వీఆర్ఆర్ వస్తుందనుకోవద్దు. పీఎస్5 హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్‌నే గుర్తుపడుతుంది, ఎక్స్‌బాక్స్ రెండింటినీ తీసుకుంటుంది. మానిటర్‌లో స్పీకర్లు ఉండవు, ఉన్నా లేనట్టే. పక్కన ఇంకొకడు కూర్చుంటే చోటు చాలదు.

కరెంటు, ఎండ: ఇక్కడే మన డబ్బు పోతుంది

బొమ్మ ఎంత బాగుందన్న దాని మీద వీడియోలు వందలున్నాయి. నల్లగొండ మే నెలలో, మేడ మీది రేకు పక్క గదిలో, ఆ మిషన్ ఎన్నాళ్లు బతుకుతుందని చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఇక్కడ కొంచెం సాగదీస్తాను.

స్టెబిలైజర్ కొనాలా అని అందరూ అడుగుతారు. టీవీ వెనక స్టిక్కర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజీ దాన్నేమీ చేయదు. భయపడాల్సింది రెండింటికి. ఒకటి పిడుగు. రెండోది వీధి లైన్లో న్యూట్రల్ తెగడం. అప్పుడు 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఒకే రాత్రి వీధిలో నాలుగు ఫ్రిజ్‌లు, ఆరు టీవీలు కాలిపోయాయంటే చాలాసార్లు కారణం అదే. నాలుగు వందల రూపాయల స్పైక్ గార్డు దాన్ని ఆపలేదు, తానే ముందు కాలుతుంది. బోర్డులో ఓవర్ వోల్టేజ్ కటాఫ్ పెట్టించండి. వోల్టేజీ హద్దు దాటగానే గదికి కరెంటు ఆపేస్తుంది, సర్దుకున్నాక తానే ఇస్తుంది.

పిడుగు పోటును దించడానికి సర్జ్ ప్రొటెక్టర్ కావాలి, దానికి ఎర్తింగ్ కావాలి. పీఎస్5 తీగకు రెండే పిన్నులు కదా, ఎర్తింగ్‌తో పనేమిటి అని మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు వాదించాడు. మిషన్‌కు కాదు, సర్జ్ ప్రొటెక్టర్ ఆ పోటును పంపాల్సింది భూమిలోకే. పైగా పీసీ, ఏసీ, ఇన్వర్టర్ మూడు పిన్నులవే. ఎర్తింగ్ లేని ఇంట్లో పీసీ డబ్బా ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ తీగ పీకి పెడితే పోర్టు పోవచ్చు. తీగ మార్చే ముందు రెండు వైపులా స్విచ్ కట్టేయడం అలవాటు చేసుకోండి. మన జిల్లాల్లో నాలుగడుగులు తవ్వితే బండ తగులుతుంది, ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. మబ్బులు కమ్మగానే, ఉరుములు మొదలు కాకముందే ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ తీగ కూడా పీకేయాలి. మా పక్కింట్లో ప్లగ్గు పీకారు, ఆ తీగ మరిచారు. సెట్‌టాప్ బాక్స్ గుండా వచ్చిన దెబ్బకు టీవీ పోయింది.

ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌ది అయ్యుండాలి. పీఎస్5 ఆడేటప్పుడు 200 వాట్ల దగ్గర తింటుంది, 55 ఇంచుల టీవీ 100 నుంచి 150, ఫ్యాన్ ఒకటి. మొత్తం 400 అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు మూడు గంటల లోపు లాగుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్ ఉంటుంది. చాలా ఇళ్లలో అది ఎకోలో ఉంటుంది. ఎకోలో కరెంటు మారే ఆ క్షణంలో కన్సోల్ ఆగిపోతుంది, మళ్లీ వేస్తే స్టోరేజ్ రిపేర్ చేస్తున్నానని తెర మీద రాస్తుంది. యూపీఎస్ వైపు తిప్పండి, పైసా ఖర్చు లేదు.

ఎండ సంగతి. సోనీ చెప్పే లెక్క ప్రకారం పీఎస్5 పనిచేయాల్సిన గది వేడి 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో నల్లగొండ 44 దాటిన రోజులు మనకు తెలియనివి కావు, స్లాబు కింద గది సాయంత్రం ఏడింటికి కూడా చల్లారదు. ఏసీ పెట్టేవాళ్లు పై అంతస్తుకు టన్నున్నర తీసుకోండి, ఒక టన్ను చాలదు. ఏసీ లేనివాళ్లు వేసవిలో ఆటను తెల్లవారుజాముకు మార్చుకోవాలి. మా ఇంట్లో పదో తరగతివాడు అయిదింటికి లేవడం ఆ వంకతోనే అలవాటైంది. మేడ మీద సున్నం కొట్టినా కొంత తగ్గుతుంది, రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే. కూలర్ పెడితే దాని గాలి నేరుగా టీవీ మీదికో కన్సోల్ మీదికో తిప్పవద్దు. మన బోరు నీళ్ల తుంపర పడితే తెర మీద తెల్ల మచ్చలు కడతాయి, ఆ తేమే లోపలికీ పోతుంది. కన్సోల్‌ను అద్దాల షోకేసులో దాచకండి. నాలుగు వైపులా జానెడు ఖాళీ ఉండాలి. దుమ్ము తీయడానికి పీఎస్5 పక్క రేకు ఊడదీస్తే చిన్న రంధ్రాలు ఉంటాయి, వ్యాక్యూమ్‌తో పీల్చేయొచ్చు. వేసవి ముందు ఒకసారి, దసరాకు ఒకసారి.

మిగతా సామాన్లు

శబ్దానికి నా సలహా హెడ్‌ఫోన్. రాత్రి పూట ఇంట్లోవాళ్లు తిట్టరు. బ్లూటూత్‌ది మాత్రం కొనవద్దు, పీఎస్5 మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను కలుపుకోదు. తీగ ఉన్నది కంట్రోలర్‌కే గుచ్చుకోవచ్చు. స్పీకర్లే కావాలంటే ముందు గది చూసుకోండి. నాపరాళ్ల నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో ఎంత మంచి సౌండ్‌బార్ అయినా గుళ్లో మైకులా మోగుతుంది. కింద ఒక జంపఖానా, వెనక గోడకు ఒక పాత బొంత వేలాడదీస్తే సగం సర్దుకుంటుంది. గేమింగ్ కుర్చీ అని పిలిచే రెగ్జిన్ కుర్చీ మన చెమటకు రెండేళ్లలో పొలుసులు లేస్తుంది. జాలీ వీపు ఉన్న ఆఫీసు కుర్చీ నయం.

నెట్ రౌటర్ కింద, గది పైన ఉంటే స్లాబు దాటి వైఫై నీరసంగా వస్తుంది. క్యాట్-6 నెట్ తీగ ఒకటి పైకి లాగించండి. 100 జీబీ ఆట దించుకోవడానికి 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద అయిదున్నర గంటలు పడుతుంది. అందుకే డిస్క్ ఉన్న కన్సోలే కొనండి. ఆడేసిన డిస్క్‌ను దోస్తుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. డిస్క్ లేని డిజిటల్‌ది కొంటే, విడిగా డిస్క్ డ్రైవ్ తగిలించుకోకపోతే ఆ దారి మూసుకున్నట్టే.

ఎక్కడ కొనాలి? 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. కాబట్టి అంతకు ముందటి ధరతో పోల్చి ఆఫర్ అంటే నమ్మకండి, అందులో కొంత పన్ను తగ్గింపే. ఆన్‌లైన్‌లో రెండు, మూడు వేలు తక్కువ కనిపిస్తుంది. కానీ మీ పిన్‌కోడ్‌కు ఆ కంపెనీ సర్వీసు మనిషి వస్తాడా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. హైదరాబాద్ పోయి కొంటే మోడళ్లు ఎక్కువ, తెచ్చుకోవడమే కష్టం. పెద్ద టీవీని డబ్బాతో నిలబెట్టే తేవాలి, ట్రాలీ ఆటోలో పడుకోబెడితే గుంతల రోడ్డు మీద ప్యానెల్ చిట్లుతుంది. మా నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపులో వెయ్యి ఎక్కువైనా, పెట్టి చూపించి, ఇంటికి తెచ్చి బిగించేవాడి దగ్గర కొనడం నాకు ఇష్టం.

అల్లుడు చివరికి 55 ఇంచుల మినీ ఎల్ఈడీ తీసుకున్నాడు, కన్సోల్ సంచిలో పెట్టుకుపోయి చూసే తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో కటాఫ్, ఎర్తింగ్. గుంత తవ్వే రోజు మా అక్క ఫోన్ చేసింది. “టీవీ కొంటమని చెప్పి ఇంటి ముందట గుంత తవ్వుతున్నరేందిరా?” అంది. ఇప్పుడు వారానికి ఒక బిందె నీళ్లు అందులో పోసేది ఆమే.